కాయ కాచిన ముంజేయి

అజ్ఞాతవాసమునకు పాండవులు వేషములు నిర్ణయించుకొను వేళ, విరాటపర్వమున, అర్జునునికి తక్కిన సోదరులకు లేని చిక్కొకటి వచ్చిపడినది. ధర్మరాజు పాచికలు చేతబట్టి కంకుభట్టు కావచ్చును, భీముడు గరిటె పట్టి వలలుడు కావచ్చును. కాని ఏండ్ల తరబడి గాండీవపు నారి ఒరసి యొరసి రెండు చేతులకును కాచిన కాయలను నాట్యము నేర్పు బృహన్నల యెక్కడ దాచుకొనును? చేతులకు గాజులు తొడిగి వానిని మరుగుపరచెదనని యతడు అన్నగారికి విన్నవించెను. కుడియెడమల రెంటను విల్లు వంచగల సవ్యసాచి యగుటచే ఆ గుర్తులు రెండు చేతులకును పడినవి. సామాన్యుడైన విలుకానికి ఒక చేతికే పడును.

చర్మము నిరంతర ఘర్షణకు లోనైనప్పుడు దాని పైపొరలోని కణములు త్వరితముగ వృద్ధినొంది, కెరటిన్ అను గట్టి మాంసకృత్తుతో నిండి, దళసరి కవచమునొకదానిని ఏర్పరచుకొనును. పార పట్టువాని అరచేతికి కాయ కాచుటయు నిట్లే. అనగా దేహమే తన కొలతకు తగిన రక్షణపరికరమును తానే తయారుచేసికొనుచున్నదన్నమాట. అయితే దానికి పట్టు కాలము దీర్ఘము, ఆలోపల పడు బాధ అధికము. కావుననే మన యితిహాసములందలి విలుకాండ్రు ముంజేతికి గోధయను తోలుకాపును, వ్రేళ్లకు అంగుళిత్రాణమును కట్టుకొని గాని రణమునకు వెడలలేదు. గోధ కట్టిన అర్జునునికే కాయలు కాచెనన్నచో, వట్టిచేతితో నిలుచు నేటి పదునాలుగేండ్ల పిల్లవాని సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ కాలమున విలువిద్యకు తెలుగునాట నెలవు విజయవాడ. అంతర్జాతీయ విలుకాడును శిక్షకుడును అయిన చెరుకూరి లెనిన్ 2010లో రోడ్డు ప్రమాదమున అకాలమరణము నొందినను, ఆయన తండ్రి సత్యనారాయణ నడపిన వోల్గా ఆర్చరీ అకాడమీ ఆ విద్యను పట్టణమున నిలుపుకొని వచ్చినది. నాలుగేండ్ల ప్రాయముననే కృష్ణానదిని ఈదిన వెన్నం జ్యోతి సురేఖ ఈ పట్టణపు బిడ్డయే. 2023లో హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో కొనలకు చక్రములుగల కాంపౌండ్ వింటి విభాగపు వ్యక్తిగత, మహిళా జట్టు, మిశ్రమ జట్టు పోటీలు మూడింటను ఆమె స్వర్ణము గెలిచినది. చక్రములు లేని రికర్వ్ వింటి విభాగమున బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కూడి మిశ్రమ జట్టు పోటీలో నాలుగవ స్థానమువరకు వచ్చెను. పతకములను గూర్చి పత్రికలు వ్రాసినంతగా ఆ పతకములను తెచ్చిన చేతులను గూర్చి ఎవరును వ్రాయలేదు. ఆ లోపమును కొంత తీర్పవలెనని నా తలంపు.

విజయవాడ నుండి ఏలూరు పోవు పదునారవ నంబరు జాతీయ రహదారిపై, ఒక దారి నూజివీటికి, మరియొక దారి గుడివాడకు చీలిపోవు చోట హనుమాన్ జంక్షన్ ఉన్నది. ఆ చుట్టుపట్ల ఏ పల్లెలోనైనను ఒక పిల్లవాడు విల్లు పట్టినచో, వానికి విదేశపు సామగ్రి తెప్పించు స్తోమత ఇంటివారికి ఉండకపోవచ్చును. అయినను బోరుబావుల పైపులమ్ము దుకాణము, చెప్పులు కుట్టువాని అంగడి, హార్డువేరు కొట్టు ఉన్న కూడలి దగ్గరలో నున్నంతవరకు వాని చేతికి కావలసిన పరికరములలో ముక్కాలు మువ్వీసము అక్కడనే సమకూర్చుకొనవచ్చునని నా నిశ్చితాభిప్రాయము. అది యెట్లో చెప్పుటకు ముందు, చేయి యెందుకు నొచ్చునో తెలియవలెను.

రికర్వ్ విల్లు పట్టు వయోజనుడు సామాన్యముగ లాగు బలము 44 పౌనులనుకొందము. అది యించుమించుగ 20 కిలోల బరువు. అర్హత పోటీలో 72 బాణములు వేయవలెను గనుక, అతడు ఆ పూట లాగు మొత్తము దాదాపు టన్నున్నర. సాధన దినములలో మూడువందల బాణములు వేసినచో ఆరు టన్నులు. కుడిచేయి 20 కిలోలతో నారిని వెనుకకు లాగుచున్నంతసేపు ఎడమచేయి అంతే బలముతో వింటిని ముందునకు నెట్టుచుండును. ఈ నెట్టుడు అరచేతి మడమనుండి మణికట్టుగుండ, ముంజేతి యెముకలైన రత్ని అరత్నులగుండ, జబ్బయెముకగుండ, వీపున నున్న రెక్కయెముకకు పోయి చేరును. ఎముకలు ఒకదానివెనుక నొకటి సరళరేఖలో నిలిచినప్పుడు బరువును ఎముకలే మోయును. మణికట్టు కొంచెము మడిగినను, భుజము చెవివైపునకు లేచినను, ఆ బరువు కండరముల మీదను, వానిని ఎముకలకు కట్టు స్నాయువుల మీదను పడును. నొప్పికి మూలము చాలవరకు ఇక్కడనే ఉన్నది.

మరి నారిని విడిచిన వెనుక జరుగునదేమి? పైన చెప్పిన విల్లు వంగినప్పుడు సుమారు 50 జౌళ్ల శక్తిని తనలో దాచుకొనును. 20 గ్రాముల బాణము సెకనుకు 60 మీటర్ల వేగముతో పోయినచో అది తీసికొనిపోవునది 36 జౌళ్లు. మిగిలిన శక్తి వింటికొమ్మలలోను, నారిలోను, పిడిలోను కంపనముగ మారి, అందులో కొంత అరచేతికి వచ్చి ముట్టును. నారి వేగము కూడ బాణము విడివడు క్షణమున గంటకు రెండువందల కిలోమీటర్లకు పైమాటయే. దాని దారిలో ముంజేయి అడ్డుపడినప్పుడు దెబ్బ యెట్లుండునో తగిలినవానికే తెలియును. చర్మము క్రింది సన్నని రక్తనాళములు చిట్లి, మొదట ఎర్రగ, పిమ్మట నీలిగ కమిలి, ఆపై రక్తవర్ణద్రవ్యము విచ్ఛిన్నమగుకొలది ఆకుపచ్చగను పసుపుపచ్చగను మారి, వారము పదిదినములకు గాని ఆ మచ్చ మాయదు.

ఈ దెబ్బ చర్మముతో పోవునదియు కాదు. డెబ్బది మీటర్ల దూరమున నున్న లక్ష్యపు నడిమి పదిపాయింట్ల వలయము వెడల్పు 12.2 సెంటీమీటర్లు, దాని కేంద్రమునుండి అంచునకు గల కోణము డిగ్రీలో ఇరువదవ వంతు మాత్రమే. ఒకమారు నారి తగిలినవాడు మరుసటి బాణమునకు తనకు తెలియకుండగనే ముంజేతిని ప్రక్కకు తప్పించును. ఆ తప్పింపులో డిగ్రీలో ఇరువదవ వంతు పోవుట యెంతపని? విలుకానికి చేతికాపు సౌఖ్యము కొఱకే యనుకొనుట పొరపాటు. గురికి కూడ అది యవసరము.

కాపు చేయుటకు ముందు రెండు సంగతులు పరీక్షింపవలెను. మొదటిది వింటికిని నారికిని నడుమ నుండు దూరము. అరువదియెనిమిది అంగుళముల రికర్వ్ వింటికి అది 21 మొదలు 23 సెంటీమీటర్లవరకు ఉండుట వాడుక. తక్కువయైనచో నారి మణికట్టువరకు వచ్చి కొట్టును. నారికి కొన్ని మెలికలు అదనముగ పెట్టినచో దూరము పెరుగును, పైకము ఖర్చులేదు. రెండవది మోచేయి. అరచేయి ముందునకు పెట్టి చేయి చాచినప్పుడు ముంజేయి కొంత వెలుపలికి వాలియుండుట అందరికిని సహజమే. ఈ వాలు స్త్రీలలో సామాన్యముగ ఎక్కువ. కొందరికి మోచేయి సరళరేఖను దాటి వెనుకకు కూడ వంగును. అట్టివారి ముంజేయి నారిదారికి అడ్డముగ వచ్చును. గోడకు అరచేయి ఆనించి, అరచేయి కదలనీయక, మోచేతి మడతను మాత్రము పైకి చూచుచున్న స్థితినుండి ప్రక్కకు చూచునట్లు త్రిప్పుట అభ్యసింపవలెను. వారము దినములు దీనిని సాధన చేసిన పిల్లలలో పెక్కుమందికి నారిదెబ్బ తగ్గును. అటు తరువాతను తగులువారికే కాపు.

దుకాణములలో నమ్ము కాపులు పెక్కు ఒక్క కొలతవి. సన్నని ముంజేతిపై అవి తిరిగిపోవును, లావుపాటి చేతికి రక్తము ఆడనీయవు. బోరుబావులకు వాడు నాలుగంగుళముల పీవీసీ పైపు ముక్కతో దీనికి మంచి మార్గమున్నది. మణికట్టుకు మూడు వ్రేళ్ల ఎగువనుండి మోచేతి మడతకు రెండు వ్రేళ్ల దిగువవరకు ముంజేతి లోపలి పార్శ్వముపై అట్టముక్క పెట్టి, మణికట్టువైపు సన్నముగను మోచేతివైపు వెడల్పుగను గీత గీసికొని, ఆ అచ్చు ప్రకారము పైపును రంపముతో కోయవలెను. పీవీసీ 80 డిగ్రీల సెంటీగ్రేడు దాటినంతనే బిరుసుదనము కోల్పోయి తోలువలె వంగును గనుక, కాగిన నీటిలో ముంచిన యొకటి రెండు నిమిషములకు అది చెప్పినట్లు వినును. దానిని పట్టకారుతో తీసి, చేతికి దళసరి తువ్వాలు రెండు మడతలు చుట్టుకొని, దానిమీద ఒత్తి పట్టి, చల్లారువరకు కదలింపకుండిన చాలు, ముంజేతి వంపు అందు దిగిపోవును. అంచులను కొంచెము వెలుపలికి విరిచినచో చర్మమును కోయవు. నిప్పుమీద మాత్రము పైపును వేడిచేయరాదు. మాడిన పీవీసీనుండి హైడ్రోజన్ క్లోరైడ్ అను విషవాయువు వెలువడును.

ఆ పైపుముక్కకు నాలుగు చీలికలు పెట్టి సాగుడుపట్టీయు వెల్‌క్రోయు చెప్పులవాని చేత కుట్టించుకొని, లోపలివైపు మెత్తని రబ్బరు అతికించినచో కాపు సిద్ధమగును. ఇక్కడ మన సీమకు ప్రత్యేకమైన ఇబ్బంది యొకటి కలదు. వైశాఖ జ్యేష్ఠములలో కృష్ణాతీరపు ఉక్కకు కాపు క్రింద చెమట నిలుచును. చెమటకు నానిన చర్మము పొడిచర్మముకంటె త్వరగ చెదరును, పొక్కును. కావున పైపులో చిటికెనవ్రేలంత రంధ్రములు పది పండ్రెండు వేయుట మరువరాదు. శీతలదేశములలో తయారైన తోలుకాపులు పెక్కింటికి ఈ రంధ్రములుండవు.

వ్రేళ్ల సంగతి మరియొకటి. నారి మందము మూడు మిల్లీమీటర్లలోపు. దానిని పట్టునవి చూపుడు, నడిమి, ఉంగరపు వ్రేళ్లు మూడు. లెక్కవేసినచో 20 కిలోల బరువు చదరపు సెంటీమీటరున్నర చర్మముపై నిలుచుచున్నది. వ్రేలి యిరుప్రక్కల పోవు నరములు నొక్కుకొనిపోయి కొనలు తిమ్మిరెక్కుటకు కారణమిదియే. ట్యాబ్ అను తోలుముక్క ఈ ఒత్తిడిని వెడల్పుగ పంచును. ముందు నారి జారుటకు నున్నని తోలు, వెనుక మెత్తదనమునకు రబ్బరో ఉన్నియో, చూపుడువ్రేలికిని నడిమివ్రేలికిని నడుమ బాణమును నలిపివేయకుండ ఒక చిన్న అడ్డుబిళ్ల, దాని నిర్మాణమింతే. తోలు వ్రేళ్లకొనలను దాటి రెండు మిల్లీమీటర్లకంటె ఎక్కువ పొడుచుకొని రారాదు. వచ్చినచో నారి విడుపులో తడబాటు పుట్టును. పిల్లవాని చేతిని కాగితముపై పెట్టి వ్రేళ్ల గీతలు గీసి తీసికొనిపోయినచో చెప్పులు కుట్టువాడు దుకాణపు సరుకునకు తీసిపోనిది కోసి ఇయ్యగలడు.

కొలతకు చేయించుకొనుట నేటి వింత కాదు. బొటనవ్రేలితో నారి లాగు తురుష్క మొగలు విలుకాండ్రు ఆ వ్రేలికి రాతియుంగరమో ఎముకయుంగరమో తొడుగుకొనుచుండిరి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియమున షాజహాను బిరుదు చెక్కిన పచ్చరాతి ధనురంగుళీయకము భద్రముగ నున్నది. దానిపై తేది హిజ్రీ 1040, అనగా క్రీస్తుశకము 1630–31. బాదుషా కైనను ఉంగరము సొంత వ్రేలికి కుదిరినగాని నారి సరిగ విడివడదు.

ఇక మోచేతినొప్పి. ఇది చర్మపు బాధలవంటిది కాదు, మోసగత్తె. విల్లు పట్టిన చేతి మోచేయి వెలుపలి గడ్డమీద సన్నగ మొదలై, మంచినీళ్ల చెంబు ఎత్తినను నొచ్చు స్థితికి వచ్చును. పెక్కుమందిలో దీనికి ముఖ్యహేతువు వింటిని గట్టిగ పిడికిట బిగించుట. పిడికిలి బిగించినప్పుడెల్ల మణికట్టును వెనుకకు ఎత్తి నిలుపు కండరములు పనిచేయును. వాని స్నాయువు పుట్టుచోటు ఆ మోచేతి గడ్డయే. బాణము పోయిన వెంటనే విల్లు ముందునకు దూకును. క్రింద పడునేమో అన్న భయముచేత పిల్లవాడు బిగించును. భయము తీర్చినచో బిగింపు తీరును. దీనికి చాలినది బూటు లేసు. ఒక లేసునకు రెండు కొనల ఉచ్చులు వేసి, ఒక ఉచ్చు బొటనవ్రేలికి, రెండవది చూపుడువ్రేలికి తగిలించి, నడుమ భాగము వింటిపిడి ముందుగా పోనిచ్చినచో విల్లు చేతినుండి ఎక్కడికిని పోలేదు. పిడికిలి తెరచియే ఉంచవచ్చును. అంతర్జాతీయ పోటీలలో సైతము ఇట్టి లేసులే వ్రేళ్లకు కట్టుకొని నిలుచువారు కలరు. విలువిద్యా పరికరములన్నిటిలోను వెలకు మించిన ఫలమిచ్చునది ఇదియేనని నేను చెప్పుదును.

పిడి ఆకారము రెండవ హేతువు. వింటి బలము అరచేతిలో బొటనవ్రేలి మూలమునందలి కండ మీద, జీవితరేఖకు వెలుపలి వైపున పడవలెను. రేఖను దాటి చిటికెనవ్రేలివైపు పోయినచో విల్లు మెలితిరుగును, మణికట్టు ఆ మెలికను ఎదుర్కొనవలసి వచ్చును. కార్ఖానాలో పోతపోసిన పిడి సగటు చేతికి చేసినది. సగటు చేయి అనునది ఎవరికిని లేదు. అందుచేత ప్రపంచమంతట విలుకాండ్రు పిడికి ఎపాక్సీ ముద్ద అద్ది తమ చేతికి మలచుకొందురు. మన హార్డువేరు కొట్లలో ఎంసీల్ పేర దొరకు ముద్ద దీనికి చాలును. రెండు ముద్దలను ఒకే రంగు వచ్చువరకు చేతొడుగులతో పిసికి, పిడికి పలుచగ పట్టించి, పైన పలుచని ప్లాస్టిక్ కాగితము కప్పి, తేలికవిల్లుతో నిజముగ లాగిన భంగిమలో చేయి ఆనించి ఒత్తవలెను. బల్లపై పెట్టి ఒత్తిన అచ్చు అబద్ధమాడును. గట్టిపడిన పిమ్మట ఆకురాయితోను గరుకుకాగితముతోను కొంచెము కొంచెముగ అరగదీయుచు, మధ్యమధ్య బాణములు వేసి చూచుచు పోవలెను. ఈ పని ఒక దినమున తెమలునది కాదు. పచ్చి ఎపాక్సీ చర్మమునకు తగిలిన దద్దురు లేవవచ్చును, అరగదీసిన పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. కావున చేతొడుగును ముక్కుగుడ్డయు తప్పనిసరి.

ఇదే పనిని దక్షిణ కొరియావారు ఏ స్థాయికి తీసికొనిపోయిరో చూడుడు. అక్కడి విలువిద్యా సంఘమునకు అండయైన హ్యుందాయ్ మోటారు సంస్థ, కారుల తయారీలో వాడు త్రిమితీయ స్కానరుతో ఒక్కొక్క క్రీడాకారుని పిడిని కొలిచి, త్రిమితీయ ముద్రణయంత్రముతో అచ్చముగ అట్టి పిడులను చేసి యిచ్చెను. టోక్యో ఒలింపిక్స్ నాటికి అల్యూమినియమును పాలీయమైడును కలిపిన పదార్థముతో చేయించిరి. క్రీడాకారుడు నెలల తరబడి ముద్ద అద్ది అరగదీసి సాధించిన రూపము పోటీనడుమ విరిగిపోయినను, అదే రూపము మరల దొరకుటకే ఈ యేర్పాటు. యంత్రము రూపమును కనుగొనలేదు, కాపాడినది. కనుగొన్నది మనిషి చేయి. పారిస్ క్రీడలతో కొరియా మహిళల జట్టు వరుసగ పదియవ ఒలింపిక్ స్వర్ణము గెలిచినది.

కాంపౌండ్ విభాగమువారికి బాధలు వేరు. ఆ వింటి కొనలనున్న చక్రముల నిర్మాణముచే, పూర్తిగ లాగిన తరువాత పట్టి నిలుపవలసిన బలము నాలుగవ వంతునకు, కొన్నిటిలో అంతకంటెను తక్కువకు దిగిపోవును. 50 పౌనుల విల్లయినను చేతిలో నిలుచునది పండ్రెండున్నర పౌనులే. నారిని వ్రేళ్లతో గాక మీటగల చిన్న పరికరముతో విడుతురు గనుక వ్రేళ్ల తిమ్మిరియు లేదు. రికర్వ్‌లో అట్టి యంత్రసాధనము నిషిద్ధము. అయినను బరువైన వింటిని చాచిన చేతితో నిలుపుట ఇద్దరికిని సమానమే, భుజమునకు వచ్చు ముప్పు ఇద్దరికిని ఉన్నదే.

భుజమునకు కాపు లేదు. ఈ మాట నిష్కర్షగ చెప్పవలెను, ఏలయన దుకాణదారులు వేరుగ చెప్పుదురు. భుజపు కీలు లోతులేని గిన్నెలో నిలిచిన గోళము. దానిని స్థానమున నిలుపునవి చుట్టునున్న నాలుగు చిన్న కండరముల స్నాయువులు. మోయరాని విల్లు లాగువాడు భుజమును చెవివైపు ఎత్తును. ఎత్తినప్పుడు పై స్నాయువు రెండెముకల నడుమ నలుగును. నలిగిన స్నాయువు వాచును, వాచినది మరింత నలుగును. బిగుతుపట్టీలు కట్టి దీనిని మాన్పలేము. లాగు బలమును తగ్గించుట, వీపు కండరములను బలపరచుట, విశ్రాంతి యిచ్చుట తప్ప మార్గము లేదు.

చిన్నపిల్లలలో ఈ జాగ్రత్త మరింత అవసరము, వారి యెముకల కొనలలో ఎదుగుదల జరుగు మృదులాస్థి ఫలకములు ఇంకను గట్టిపడియుండవు గనుక. 2015 మార్చిలో విజయవాడలో మూడేండ్లయినను నిండని డాలీ శివాని అయిదు మీటర్లనుండి 36, ఏడు మీటర్లనుండి 36 బాణములు వేసి 388 పాయింట్లు సాధించి లోకమును ఆశ్చర్యపరచినప్పుడు అందరును ఆమె గురిని మెచ్చిరి. ఆమె తండ్రియు శిక్షకుడును అయిన, పైన చెప్పిన వోల్గా అకాడమీ సత్యనారాయణ నాడు చెప్పిన మాట నాకు మరింత విలువైనదిగ తోచినది: ఆ చిన్నచేతులు మోయగలుగునట్లు బాణములను తేలికైన కార్బన్‌తో చేయించిరట. పరికరము బిడ్డయొద్దకు దిగివచ్చినది, బిడ్డను పరికరమువరకు లాగలేదు.

పాఠశాలల వ్యాయామోపాధ్యాయులకును తల్లిదండ్రులకును నాదొక విన్నపము. ఎదిగిన పిమ్మట పనికివచ్చునని బలమైన వింటిని ముందుగ కొని పిల్లవాని చేతికి ఈయకుడు. పూర్తిగ లాగి, చేయి వణకకుండ, ఊపిరి బిగబట్టకుండ నిలుపగల వింటినే యిచ్చి, దానితో కాలము గడిచిన పిమ్మట రెండేసి పౌనులు పెంచుడు. కాపు, ట్యాబ్, లేసు, పిడి ఇవన్నియు వాని కొలతకు చేయించుడు. సంవత్సరమునకొకమారు చేయి పెరిగినదేమో మరల కొలుచుడు. రాత్రివేళ నిద్ర లేపు భుజపునొప్పి గాని, సాధన మానిన మరునాటికిని తీరని వ్రేళ్ల తిమ్మిరి గాని కనబడినచో, హార్డువేరు కొట్టునకు గాక ఎముకల వైద్యునియొద్దకు తీసికొనిపోవుడు.